మొదటి పేజీలోనే ఎందుకు పేల్చలేదు? సైన్స్ ఫిక్షన్ కథలో మహాస్త్రం పెట్టేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

నేను మొదట రాసిన సైన్స్ ఫిక్షన్ కథలో చంద్రుడి మీద ఓ లేజర్ ఫిరంగి ఉండేది. పేరు అగస్త్య. అంగారకుడి నుంచి నలభై శత్రునౌకలు చంద్రుడి మీదికి వస్తుంటాయి. పద్దెనిమిది పేజీల పాటు అందరూ హడలిపోతారు, ఏడుస్తారు, వీడ్కోళ్లు చెప్పుకుంటారు. చివరి పేజీలో నీలవేణి అనే ఇంజనీరు మీట నొక్కుతుంది. నలభై నౌకలూ బూడిద. శుభం.

చదివిన మిత్రుడు ఒక్కటే అడిగాడు. "బాగానే ఉంది గానీ, ఆ మీటేదో మొదటి పేజీలోనే ఎందుకు నొక్కలేదు?"

"అప్పుడు కథ ఉండదు కదరా" అన్నాను.

"ఇప్పుడు మాత్రం ఉందా?" అన్నాడు.

రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. మూడో రోజు కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చున్నాను. ఆ కథని ఎలా బాగుచేశానో అదే వరసలో ఇక్కడ చెబుతున్నాను. మీ డ్రాఫ్టులో కూడా గ్రహాల్ని పేల్చే ఫిరంగో, సైన్యాల్ని మాయం చేసే పెట్టో ఉంటే దాన్ని పక్కన పెట్టుకుని చదవండి. ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్ చాలు.

మొదటి అడుగు: ఆయుధానికి అంకె వేయండి

ఆయుధం బలమెంతో పాఠకుడికి చెప్పకపోయినా ఫర్వాలేదు, మీ నోట్‌బుక్‌లో మాత్రం రాసి ఉండాలి. "అపారమైన", "ఊహకందని" లాంటి మాటలతో పని జరగదు. అంకె లేని ఆయుధం ఒక సీనులో కొండను పిండి చేస్తుంది, ఇంకో సీనులో హీరో తలుపు చాటున దాక్కుంటే ఏమీ చేయలేకపోతుంది. పాఠకుడు ఇలాంటివి ఇట్టే పట్టేస్తాడు.

పోల్చుకోడానికి కొన్ని లెక్కలు. సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలే వస్తువు ఏదైనా సరే, ఇటుకే కానివ్వండి, సుమారు తన బరువంత టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం పేలినంత దెబ్బ కొడుతుంది. వేగం రెట్టింపయితే దెబ్బ నాలుగింతలు. హిరోషిమా మీద వేసిన బాంబు దాదాపు 15 వేల టన్నుల టీఎన్‌టీకి సమానం. సోవియట్ యూనియన్ 1961 అక్టోబరు 30న నొవాయా జెమ్ల్యా దీవుల దగ్గర పేల్చిన జార్ బాంబా సుమారు 5 కోట్ల టన్నులకు సమానం. ఇక భూగోళాన్ని మళ్లీ అతుక్కోనంతగా ముక్కలు చేయాలంటే, సూర్యుడు దాదాపు వారం రోజుల పాటు అన్ని దిక్కులకూ వెదజల్లే శక్తి మొత్తం కావాలి. మీ విలన్ దగ్గర నిజంగా అంత శక్తి ఉంటే వాడికి భూమ్మీది గనులతో, సింహాసనాలతో పనేముంది? ఇలా అంకె వేయగానే విలన్ కోరిక కూడా మార్చాల్సి వస్తుంది. నాకు ఈ పనిలో నచ్చేది ఇదే.

నా ఫిరంగి సంగతికి వద్దాం. 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వాళ్లు 30 కిలోవాట్ల తరగతి లేజర్‌తో డ్రోన్లను కూల్చి చూపించారు. దాన్ని తయారుచేసింది హైదరాబాద్ ల్యాబే. భవిష్యత్తు కథ కాబట్టి నా అగస్త్యకి 100 మెగావాట్లు ఇచ్చాను, అంటే మూడు వేల రెట్లకు పైగా. అద్దం వెడల్పు 10 మీటర్లు.

లేజర్ కిరణం ఎంత దూరమైనా దారంలా సాగిపోతుందని సినిమాలు మనకి అలవాటు చేశాయి. సాగదు, పరచుకుంటుంది. ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని 10 మీటర్ల అద్దంతో ఎంత బాగా గురిపెట్టినా, 10 వేల కిలోమీటర్ల అవతల అది పడే చోటు దాదాపు రెండున్నర మీటర్ల వెడల్పు ఉంటుంది. భూమికీ చంద్రుడికీ మధ్య ఉన్న 3,84,000 కిలోమీటర్ల దూరంలో అయితే 90 మీటర్లు దాటిపోతుంది. అంత వెడల్పున పడితే నౌక మీద మామూలు ఎండకి పదింతల ఎండ కాసినట్టు ఉంటుందంతే. రంగు పెచ్చులూడుతుందేమో, నౌక కరగదు.

కాబట్టి నా ఫిరంగి పనిచేసేది 10 వేల కిలోమీటర్ల లోపే. నౌకలు సెకనుకు 10 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాయి. అంటే నీలవేణి చేతిలో ఉన్నది వెయ్యి సెకన్లు, పదహారు నిమిషాల నలభై సెకన్లు. ఎంత టైమ్ పెట్టాలో నేను ఆలోచించాల్సిన పనే లేకపోయింది.

రెండో అడుగు: చెయ్యి పట్టుకుని ఆపేది ఏమిటి?

మొదటి పేజీ ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరకాలి. పెద్ద ఆయుధాన్ని వెంటనే వాడకపోవడానికి ఒక గట్టి కారణం ఉండాలి. ఆ కారణాన్ని పాఠకుడు అడగకముందే, అంటే ఆయుధం పేరు వినిపించిన పేజీలోనో దాని పక్క పేజీలోనో చెప్పేయాలి. క్లైమాక్స్‌లో హఠాత్తుగా "అయ్యో, దీనికి ఇంకో తాళం ఉంది" అంటే అది దొంగ కారణం.

ఈ విద్యలో మనకి భారతం కన్నా మంచి పాఠ్యపుస్తకం లేదు. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు, పని నేర్చుకోడానికి చెబుతున్నాను. అందులో ఒక్కో అస్త్రానికీ ఒక్కో ముడి ఉంటుంది. పాశుపతాన్ని బలహీనుల మీద వేయకూడదు, వేస్తే లోకమే తగలబడుతుంది. నారాయణాస్త్రానికి ఎదురు నిలిస్తే అది ఇంకా పెరుగుతుంది, ఆయుధం కింద పెట్టి రథం దిగితే వదిలేస్తుంది. అందరూ దిగినా భీముడు దిగనంటాడు. చివరికి కృష్ణార్జునులు వచ్చి అతన్ని కిందికి లాగాలి. అస్త్రానికి పెట్టిన నియమం భీముడి స్వభావాన్ని బయటపెట్టింది చూశారా?

అన్నిటికంటే చక్కని అమరిక కర్ణుడి శక్తిది. కవచకుండలాలు కోసి ఇచ్చి ఇంద్రుడి దగ్గర తెచ్చుకున్నాడు. ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నాడు. ఆ సంగతి మనకి తెలుసు, కృష్ణుడికీ తెలుసు. పద్నాలుగో రోజు యుద్ధం రాత్రి కూడా ఆగలేదు. ఘటోత్కచుడు చీకట్లో కౌరవసేనని నుగ్గు చేస్తుంటే, కర్ణుడి చుట్టూ ఉన్నవాళ్లే "ఆ శక్తి వెయ్యి, ముందు ఈ రాత్రి బతకాలి కదా" అని మొత్తుకున్నారు. వేశాడు. ఘటోత్కచుడు పడిపోయాడు. పాండవులు గొల్లుమంటుంటే కృష్ణుడొక్కడే సంతోషం పట్టలేక అర్జునుణ్ణి కావలించుకున్నాడు. ఆ కౌగిలింత దగ్గర ఆగి ఆలోచించండి. అస్త్రం పేలింది, గురి తప్పలేదు, శత్రువు చచ్చాడు. అయినా అది కర్ణుడి ఓటమి.

మీ ఆయుధానికి ఇలాంటి ముడి ఒక్కటి చాలు. ఒక్కసారే పేలడం, వాడినవాడికీ తగలడం, ఇద్దరి ఒప్పుదల కావాల్సి రావడం, వాడితే దాచిన చోటు బయటపడిపోవడం, ఏదైనా ఫర్వాలేదు. రెండు మూడు కలిపితే పాఠకుడికి రూల్‌బుక్ చదివినట్టు ఉంటుంది.

మూడో అడుగు: ఖరీదు ఎవరి ఇంట్లోంచి పోతుంది?

"ఈ ఆయుధం చాలా ఇంధనం తాగుతుంది" అని రాస్తే ఎవరికీ ఏమీ అనిపించదు. ఇంధనం ఎవరిది? దాంతో ఇంకేం చేసుకునేవాళ్లు? ఖరీదు వంటింట్లోకి రావాలి.

ఏ లేజరైనా తిన్న కరెంటంతా కాంతిగా మార్చదు, చాలావాటిలో సగానికి పైగా వేడిగా మిగిలిపోతుంది. నా అగస్త్య మూడింట ఒక వంతు కాంతిగా మారుస్తుందనుకున్నాను. ఒక నిమిషం కాలిస్తే కాంతి 6 గిగాజౌళ్లు, వేడి 12 గిగాజౌళ్లు. చంద్రుడి మీద గాలి లేదు కాబట్టి ఫ్యాన్ పెట్టినా లాభం లేదు. ఆ వేడిని తొందరగా వదిలించుకోవాలంటే నీళ్లు మరిగించి ఆవిరిని శూన్యంలోకి వదిలేయడమే దారి. కిలో చల్లటి నీళ్లని ఆవిరి చేయడానికి సుమారు 2.6 మెగాజౌళ్లు పడుతుంది. భాగిస్తే ఒక్క షాట్‌కి 4,600 కిలోల నీళ్లు.

నా స్థావరంలో 300 మంది ఉన్నారు. మనిషికి రోజుకి మూడు లీటర్లు తాగడానికి. అంటే ఒక్క షాట్‌తో ఊరు మొత్తం ఐదు రోజులు తాగే నీళ్లు పోతాయి.

ఈ అంకె వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పద్దెనిమిది పేజీల ఏడుపుతో రాని టెన్షన్ ఒక్క భాగహారంతో వచ్చేసింది.

నాలుగో అడుగు: ఆయుధం ఉన్న లోకం ఎలా మారిపోతుంది?

చాలామంది కొత్త రచయితలు, నాతో సహా, ఇప్పటి లోకాన్నే తెచ్చి అందులో ఒక మహాస్త్రం దించుతారు. అంత పెద్ద ఆయుధం వస్తే దాని చుట్టూ ఉన్నదేదీ పాతలా ఉండదు.

హెచ్.జి.వెల్స్ 1914లోనే తన నవలలో "అణుబాంబు" అన్న మాట వాడాడు. అది ఎలా పేలుతుందన్న ఊహ తప్పింది: ఆయన బాంబు ఒక్కసారిగా పేలి ఆగిపోదు, రోజుల తరబడి పేలుతూనే ఉంటుంది. అలాంటి బాంబు చేతికొచ్చాక దేశాలూ ప్రభుత్వాలూ ఏమైపోతాయన్న ప్రశ్న మాత్రం సరైనది. ఆ నవలని 1932లో చదివిన లియో జిలార్డ్ అనే శాస్త్రవేత్తకి మరుసటి ఏడాది లండన్‌లో చెయిన్ రియాక్షన్ ఆలోచన, అంటే ఒక అణుచర్య పక్కవాటిని రగిలిస్తూ తనంతట తానే సాగిపోవడమన్న ఆలోచన తట్టింది.

1945 తర్వాత ఏం జరిగిందో కూడా చూడండి. వేల బాంబులు పోగుపడ్డాయి, యుద్ధంలో ఒక్కటీ పేలలేదు. యుద్ధాలు ఆగాయా? కొరియాలో, వియత్నాంలో మామూలు తుపాకులతో జరిగాయి. అందరి దగ్గరా మహాస్త్రం ఉన్న లోకంలో కథంతా చిన్న ఆయుధాల చుట్టూ, గూఢచారుల చుట్టూ, మూడో దేశం నేల మీద నడుస్తుంది. కథకి ఇది పెద్ద వరం, ఎందుకో మనవాళ్లు అంతగా వాడుకోరు.

ఈ అడుగుని అద్భుతంగా వేసిన నవల 1965లో వచ్చిన డ్యూన్. అందులో మనిషి చుట్టూ కవచంలా పనిచేసే షీల్డు ఉంటుంది. లేజర్ దాన్ని తాకితే అణుబాంబు స్థాయిలో పేలుడు, కాల్చినవాడు కూడా పోవచ్చు. వేగంగా వచ్చే గుండుని షీల్డు ఆపేస్తుంది, నెమ్మదిగా దిగే కత్తిని ఆపలేదు. ఇంకేముంది, వేల ఏళ్ల తర్వాతి కాలంలో కూడా జనం కత్తియుద్ధం నేర్చుకుంటున్నారు. కత్తులు కావాలన్న కోరికకి ఎంత తెలివైన దొడ్డిదారి!

ఈ అడుగు తప్పితే ఏమవుతుందో కూడా చెప్పాలి. 2017లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో ఒక నౌక కాంతిని మించిన వేగం అందుకుంటూ శత్రునౌక మీదికి దూసుకెళ్లి దాన్ని చీల్చేస్తుంది. నేను చూసిన అందమైన సీన్లలో అదొకటి. కానీ ఒక్క నౌకతో అంత పని అయిపోతే, పాత సినిమాల్లో అన్ని ప్రాణాలు ఎందుకు పోగొట్టుకున్నారు? 2019 సినిమాలో ఒక పాత్ర చేత "అది పది లక్షల్లో ఒకసారి జరిగేది" అనిపించి సర్దుకోవాల్సి వచ్చింది. సీను ఎంత బాగా వచ్చినా, అది వెనకటి కథనంతటినీ తెలివితక్కువది చేస్తుందేమో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోండి.

ఐదో అడుగు: చిలకని ఎక్కడ దాచారు?

బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంటుంది. సైన్స్ ఫిక్షన్‌లో దానికి సాటి 1977 స్టార్ వార్స్‌లో కనిపిస్తుంది. గ్రహాన్నే పేల్చే కోటకి రెండు మీటర్ల వెడల్పున్న కన్నం, అందులో టార్పెడో వేస్తే కోటంతా పోతుంది. ఆ బలహీనత ఎందుకుందని ప్రేక్షకులు ఏళ్ల తరబడి వెక్కిరించారు. డిజైన్ చేసిన శాస్త్రవేత్తే కావాలని పెట్టాడని 2016 సినిమాలో చెప్పారు.

చిలక తప్పేమీ కాదు. కాకపోతే ఫకీరు కథలో దాన్ని చేరుకోవడమే కథ. మనవాళ్లు మాత్రం చివరి రెండు పేజీల్లో చిలకని పట్టుకొచ్చి మెడ విరిచేస్తారు. నా సలహా ఏమిటంటే, బలహీనత ఆయుధం బలంలోంచే రావాలి. లేజర్‌కి అంత బలం కాబట్టి అంత వేడి. కిరణం కాంతివేగంతో పోతుంది కాబట్టి దూరం పెరిగితే మనం చూసేది పాత దృశ్యం. చంద్రుడి దూరానికే సెకనుకు పైగా ఆలస్యం, ఆ లోపు నౌక పక్కకి జరిగిపోతుంది. ఇలాంటివి ఎవరూ కన్నం పెట్టనక్కర్లేకుండానే ఉంటాయి.

ఆరో అడుగు: సీనుని మీట దగ్గర్నుంచి కొళాయి దగ్గరకి జరపండి

పాత సీను ఇలా ఉండేది:

"నీలవేణి పళ్లు బిగించి మీట నొక్కింది. కళ్లు మిరుమిట్లు గొలిపే ఎర్రటి కిరణం ఆకాశాన్ని చీల్చుకుంటూ దూసుకుపోయింది. మరుక్షణం నలభై నౌకలూ బూడిదయ్యాయి."

శూన్యంలో కిరణం పక్కనుంచి కనపడదు, అది ఒక తప్పు. అంతకంటే పెద్ద తప్పు, ఇందులో నీలవేణి ఎంచుకోడానికి ఏమీ లేదు. మీ అమ్మగారో, నేనో ఉన్నా అదే నొక్కుతాం.

లెక్కలన్నీ పక్కన పెట్టుకుని మళ్లీ కూర్చున్నాను. నలభైలో సైనికుల్ని దించేవి నాలుగే, మిగతావి సరుకు నౌకలు. ఒక నిమిషం కాల్చి మూడు నిమిషాలు చల్లారనిస్తే, ఉన్న పదహారు నిమిషాల్లో నాలుగు షాట్లు పడతాయి. అంటే కాలం సరిపోతుంది. ట్యాంకులో నెల రోజుల నీళ్లున్నాయి. ధ్రువం నుంచి మంచు తెచ్చే బండి రావడానికి పదిహేను రోజులు. నీళ్ల బాధ్యత చూసే పెద్దాయన్ని ఊరంతా బాబాయ్ అంటారు. కొత్త సీను:

"ఒకటి కాలిస్తే ఐదు రోజులు," అన్నాడు బాబాయ్, ట్యాంకు మీటరు మీంచి కళ్లు తిప్పకుండా. "నాలుగు కాలిస్తే ఇరవై. లెక్క తప్పయితే చెప్పమ్మా."

"తప్పు లేదు బాబాయ్."

"మిగిలేది పది రోజులకి. బండి ఎప్పుడొస్తుంది?"

"పదిహేనో రోజుకి."

ఆయన కొళాయి కింద కారుతున్న చుక్కని వేలితో తుడిచి నాలిక మీద రాసుకున్నాడు. "అయితే మూడే కాలుస్తావు."

నీలవేణి తెర మీద నాలుగు చుక్కల్లో మూడింటికి గుర్తు పెట్టింది. నాలుగోది మెల్లగా పెద్దదవుతోంది.

ఇందులో పేలుడే లేదు, అయినా మిత్రుడు దీన్ని రెండుసార్లు చదివాడు. ఆయుధం బలం పెరిగేకొద్దీ సీను యుద్ధభూమి వదిలేసి నిర్ణయం తీసుకునే గదిలోకి వెళ్లిపోతుంది. దాన్ని బలవంతంగా యుద్ధభూమికి లాక్కురాకండి, గదినే బాగా రాయండి. భారతంలో అశ్వత్థామ, అర్జునుడు ఎదురెదురుగా బ్రహ్మాస్త్రాలు వదిలినప్పుడు చూడండి. ఎవరి అస్త్రం గొప్పదన్న మాటే రాదు. వ్యాసుడూ నారదుడూ మధ్యలో నిలబడి వెనక్కి తీసుకోమంటారు. అర్జునుడికి వెనక్కి తీసుకోవడం చేతనవును. అశ్వత్థామకి చేతకాదు, దాన్ని గర్భంలో ఉన్న పిల్లల మీదికి మళ్లిస్తాడు. వదలడం ఇద్దరికీ వచ్చినా, వెనక్కి తీసుకోవడం దగ్గరే ఎవరేమిటో తేలిపోయింది.

ఏడో అడుగు: రెండో భాగంలో పెంచకండి

సీక్వెల్ అనగానే చెయ్యి దురద పెడుతుంది. మొదటి భాగంలో ఊరు పేలింది కాబట్టి రెండో దాంట్లో గ్రహం, మూడో దాంట్లో నక్షత్రం. పాఠకుడి గుండె మాత్రం అదే సైజులో ఉంటుంది. వెయ్యి కోట్ల మంది పోయారంటే "అలాగా" అంటాడు, ఒక పిల్ల చెప్పు దొరికిందంటే ఆగిపోతాడు. ఆయుధాన్ని అలాగే ఉంచి ముడిని మార్చండి. ఆయుధం వేరేవాళ్ల చేతికి పోవడం, దాని కారణంగా బతికినవాళ్లు దాన్ని పూజించడం మొదలుపెట్టడం లాంటివి సరిపోతాయి.

ఎనిమిదో అడుగు: మర్నాడు రాయండి

పేలుడు తర్వాత "శుభం" కార్డు వేసేయడం మనకి అలవాటు. నిజానికి పెద్ద ఆయుధాల కథ మర్నాడే మొదలవుతుంది. చైనా 2007 జనవరిలో తన పాత వాతావరణ ఉపగ్రహాన్నే క్షిపణితో పేల్చింది. అది 850 కిలోమీటర్లకు పైన తిరుగుతుండేది. లెక్కకి దొరికిన ముక్కలే మూడు వేలు దాటాయి, అంత ఎత్తులో ఉన్నవి దశాబ్దాల పాటు తిరుగుతూనే ఉంటాయి. భారత్ 2019 మార్చి 27న మిషన్ శక్తిలో సుమారు 300 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహాన్ని కొట్టింది. ముక్కలు తొందరగా కిందికి జారి కాలిపోవాలనే అంత తక్కువ ఎత్తు ఎంచుకున్నారు. అలా ఎంచుకోవడంలోనే ఒక సీను ఉంది.

ఈ లెక్క నా కథలో కూడా ఒక బాంబు వేసింది. సెకనుకు 10 కిలోమీటర్ల వేగంతో వస్తున్న నౌకని ముక్కలు చేస్తే ముక్కలు గాల్లో ఆగిపోవు. దాదాపు అదే వేగంతో, దారికి అటూ ఇటూ చెదురుతూ వస్తాయి. ఆ వేగం దగ్గర కిలో ఇనుము దాదాపు 12 కిలోల టీఎన్‌టీతో సమానం. అంటే నీలవేణి శత్రువుని పేల్చితే పేలుడు తన ఊరి మీదే పడుతుంది. అందుకని ఆమె నౌకల్ని ముక్కలు చేయదు, ఇంజన్లు మాత్రం కాల్చేస్తుంది. దిగడానికి బ్రేకు వేయలేక అవి చంద్రుడి పక్కనుంచి దాటిపోతాయి. లోపల మనుషులు బతికే ఉంటారు. రేడియోలో మాట్లాడుతూనే ఉంటారు.

చివరి సీనులో నీలవేణి బిందె పట్టుకుని కొళాయి దగ్గర వరసలో నిలబడి ఉంటుంది. ముందు పదకొండు మంది. ఎవరూ ఆమెని ముందుకి రమ్మనరు, వెనక్కి పొమ్మనరు. పైన స్పీకర్లో దూరమైపోతున్న గొంతులు నీళ్లు అడుగుతుంటాయి.

మిత్రుడికి మళ్లీ పంపాను. ఈసారి ఫోన్ చేశాడు. మొదటి పేజీ సంగతి ఎత్తలేదు.

"ఆ నాలుగో నౌక దిగింది కదా," అన్నాడు, "అందులో ఎవరున్నార్రా?"